మూడో ఇంటూ

"పిల్ల ఈత బట్టలు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు భర్త బ్రెంట్ ఫోన్లో. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. ఆయన నెబ్రాస్కాలో, కెండ్రా మెక్సికోలో మధ్యాహ్నం మూడింటి భోజనం దగ్గర. అక్కణ్ణుంచే ఈవిడ ఇంటి అల్మరాలు వెతికి పెట్టాలన్నమాట!

"ఆరబెట్టే మిషన్ మీద, బుట్టలో" అని ఇంగ్లీషులో అనేసి నాలిక్కరుచుకుంది. తను చేరిన వేసవి కాలేజీ పద్ధతి అలాంటిది. ఆరు వారాలూ నోట్లోంచి స్పానిష్ తప్ప మరో భాష రాకూడదని మొదటిరోజే సంతకం పెట్టించుకున్నారు. ఇంటివాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడుకోడానికి ఆదివారం పావుగంట. తప్పు దొర్లినప్పుడల్లా, బస ఇచ్చిన ఇల్లాలే ఫ్రిజ్ మీది కార్డులో ఇంటూ కొట్టాలి. మూడు పడితే కోర్సు పోయినట్టే. కోర్సు లేకపోతే టీచరు లైసెన్సు లేదు, బడి ఆఫీసులో మళ్లీ హాజరు పట్టీలు దిద్దుకోవడమే.

"ఏం చెయ్యనమ్మాయ్, మాటిచ్చాను కదా" అంటూ ఆ ఇల్లాలు దోన్యా కూకా రెండో ఇంటూ కొట్టింది. మొదటిది అత్తగారు జోయాన్ పుణ్యం. జలుబు మందు ఎన్ని చెంచాలని అడిగి, జవాబు విని, "ముప్పయ్యారేళ్లకి చదువేమిటి తల్లీ, షికారుకెళ్లానని చెప్పుకోవచ్చుగా!" అని ఫోన్ పెట్టేసింది.

షికారే మరి. పొద్దున్నే లేచి అయిదు గంటలు క్రియాపదాలతో కుస్తీ పట్టే షికారు. అయినా కెండ్రాకి ఒక్క సంగతి ఒప్పుకోవాలంటే సిగ్గేసేది. ఇక్కడ కూర్చుని తింటోంది. పెనం మీంచి రొట్టె వేడిగా తన కంచంలోకి వస్తోంది. కూకా మాత్రం పొయ్యి దగ్గరే నిలబడి ఇద్దరు పెద్ద కొడుకులకీ రొట్టెలు కాలుస్తూనే ఉంటుంది. సాయం చేద్దామని లేస్తే భుజం పట్టి కూర్చోబెడుతుంది. ఒకరిని నిలబెట్టి తినడం ఎంత హాయిగా ఉంటుందో తెలిశాక కెండ్రాకి బ్రెంట్ మీద కోపం తగ్గాల్సింది. తగ్గకపోగా పెరిగింది. ఇంత హాయి అనుభవిస్తూ ఒక్కరోజైనా వెనక్కి తిరిగి చూడలేదేం ఆ మనిషి? పదకొండేళ్లు పిల్లలు వదిలేసిన ముక్కలు సింకు దగ్గర నిలబడి తింది. చదువుకోడానికి గరాజులో ఆపిన కారే దిక్కు. ఇంట్లో కుర్చీలో కనిపిస్తే చాలు, "ఖాళీగానే ఉన్నావుగా" అనేవాళ్లు.

నాలుగో వారం, సరిగ్గా భోజనం వేళకే మళ్లీ ఫోన్. బ్రెంట్ మాంచి హుషారుగా ఉన్నాడు.

"టికెట్ మార్చేశా! శుక్రవారం వచ్చేయ్. అమ్మ వల్ల కావట్లేదు. నెలరోజులు సరదాగా గడిపావు, ఇంక చాల్లే."

కెండ్రా కంచం పక్కకి జరిపింది. పోట్లాడాలంటే ఇంగ్లీషు కావాలి. పోట్లాడితే మూడో ఇంటూ, కోర్సు పోతుంది. ఊరుకుంటే సరేనన్నట్టే, అప్పుడూ పోతుంది. కూకా పెన్సిల్ చేతిలో పట్టుకుని, కొట్టడం ఇష్టం లేనట్టు గోడవైపు చూస్తోంది.

"ఏంటి, మాట్లాడవేం? అలిగావా?"

కెండ్రా కూడబలుక్కుంటూ స్పానిష్‌లో మొదలుపెట్టింది. ఇంగ్లీషులో అయితే ఒక్క 'కాదు'కి ముందు మూడు సారీలు చెప్పేది, వెనక రెండు కారణాలు, చివర ఓ నవ్వు. స్పానిష్‌లో బతిమాలడం ఇంకా ఎవరూ నేర్పలేదు. కావాలి, వద్దు, అలిసిపోయాను, వస్తాను, రాను. వచ్చినవి ఆ మాటలే.

"శుక్రవారం నేను రాను. చదువు నాకు కావాలి. పిల్లలు నీకూ పిల్లలే. చాలా ఏళ్లుగా అలిసిపోయాను. కోర్సు అయ్యాక వస్తాను. అంతకుముందు రాను."

రొట్టెలు తింటున్న కొడుకులిద్దరూ నమలడం ఆపేశారు.

"ఇదేం వేషం? మనుషుల్లా మాట్లాడు!"

మాస్టారు పాఠం చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి, మొత్తం మళ్లీ చెప్పింది. ఒక్క మాటా మార్చలేదు.



"కెండ్రా, నువ్వు చెప్పేది నాకు అర్థం కావట్లేదు" అన్నాడు బ్రెంట్.

పదకొండేళ్లలో ఆ సంగతి ఆయన ఒప్పుకోవడం అదే మొదలు.