ధూపం మూకుడు

అమోసు గడ్డిమోపును తొట్టిలోకి తోసి, నీళ్లు బాగా పట్టేదాకా అరచేతులతో అదిమిపట్టాడు. బుడగలు బుడబుడమంటూ పైకొచ్చాయి.

పక్కింటి బాలమ్మ గోడమీంచి తొంగిచూసింది. "గుర్రానికి గంజి కాస్తున్నవా అన్నా?"

"అవు. నీకో చెంబెడు పంపాల్నా?"

పెళ్లికొడుకులను మోసి మోసి ముసలిదైన తెల్లగుర్రం మోతి వాకిట్లో నిలబడి ఉంది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. ఊపిరి వదిలేటప్పుడు పొట్ట రెండుసార్లు బిగుసుకుంటోంది. పక్కటెముకల వెంట కండ తాడులా తేలుతోంది. తుకుం బస్తీలో అందరూ అంటురోగమన్నారు. అదే అయితే చంపి పాతిపెట్టాల్సిందే. రక్తపరీక్షలో కాదని తేలింది. పశువుల డాక్టరు ప్రణాలి సూదిమందు వేసి, గడ్డి తడిపి పెట్టమంది. పగలు నెమ్మదించేది, తెల్లవారేసరికి మళ్లీ ఆయాసం.

ఆ ఉదయం ఆమె మోతి పక్కలకు చెవిగొట్టం ఆనించి చాలాసేపు వింది. జ్వరం లేదు, లోపల పిల్లికూతలున్నాయి. తర్వాత కొట్టంలోకి వెళ్లి నల్లబడ్డ పైకప్పు చూసింది.

"కాకా, ఈడ పొగ పెడ్తున్నరా?"

"దోమలకు, డాక్టరమ్మా. వేపాకు, పిడక. మా ఇంటామె సుందరి పొద్దూకంగ పెట్టేది. ఆమె పోయినంక నేను మానలే."

మూకుడు పట్టుకుని గుర్రం చుట్టూ తిరుగుతూ సుందరి దానితో కబుర్లు చెప్పేది. ఆ సాయంత్రాలనే అమోసు ఇన్నాళ్లూ రాజేస్తూ వచ్చాడు. అతని ముఖం పాలిపోయింది.

ప్రణాలి కసురుకోలేదు. "కాకీ ఉన్నప్పుడు మోతి వయసుల ఉండె, తట్టుకున్నది. ఇప్పుడు తట్టుకోదు. సూదితోని ఊపిరి దారి తెరుచుకుంటది. పొగ, ఈ గనుల బొగ్గుదుమ్ము తగిలితే మల్ల మూసుకపోతది. ఊరి బయట మంచి గాలిల మేయనియ్యి."

తప్పు సుందరి మీద వేయనందుకు అమోసు ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం బ్యాండు యజమాని విఠల్ వచ్చాడు. "ఇయ్యాల బారాత్ ఉన్నది. గుర్రం ఒక్క గంట నిలబడితే సాలు. లేకుంటే ఇచ్చెయ్యి, ఎవనికన్న అంటగడ్త."

"పటాకులు కాలుస్తరా?"

"పటాకులు లేని బారాత్ ఏడుంటది?"

"గట్లయితే పెండ్లిపిల్లగాన్ని నీ భుజాల మీద ఎక్కించుకో. నీకు దమ్ము మంచిగున్నది."

"మరి నీ తిండికేం జేస్తవ్?"

"అది నా తిప్పలు. దాని ఊపిరైతే అమ్మను." చిలక్కొయ్యకు వేలాడుతున్న బ్యాండువాళ్ల జరీ జీను తీసి విఠల్ చేతుల్లో పెట్టాడు.

లక్కడ్‌కోట్ పల్లెలో సుందరి తమ్ముడు తిమోతికి గడ్డిబీడు ఉంది. ఎన్నిసార్లు రమ్మన్నా, సుందరి కన్నుమూసిన ఇల్లు విడిచి అమోసు కదలలేదు. ఇప్పుడు తనే ఫోన్ చేశాడు. పొద్దువాలేసరికి టెంపో వచ్చింది. దుమ్ము లేవకుండా దాని అడుగంతా నీళ్లతో కడిగాడు. మోతి వెనకాడి, అతని భుజం వాసన చూసి, ఎక్కింది.

"మల్లెప్పుడొస్తవ్ అన్నా?" బాలమ్మ గొంతులో వెక్కిరింత లేదు.

"ఏమో చెల్లె. అందాక నా దోమలను మంచిగ చూస్కో."

మూకుడు కోసం వంగాడు. చేతిలోకి తీసుకుని, నిప్పు వేయకుండానే బోర్లించాడు. అతనూ ఎక్కాక టెంపో మలుపు తిరిగింది.

కొట్టం గడప మీద సుందరి మూకుడు ఉంది. మసిబారిన దాని అడుగు మీద, తడి అరచేతి గుర్తు ఇంకా ఆరలేదు.