చప్పుడు కాని జేబు

ఆగి ఉన్న పాలవ్యాను కింద బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి, బిస్కెట్టాయన ఎదురుచూస్తున్నాడు. చలికాలం పొద్దు. కింద తారురోడ్డు మంచుముక్కలా ఉంది. ఆయన మొహానికి రెండు మూరల దూరంలో, వెనక చక్రానికి అవతల, నాలుగు కాళ్ళు కనబడుతున్నాయి. రెండు తెల్లవి, రెండు ఒకప్పుడు తెల్లవి. ఆ కాళ్ళు దొరగారివి.

పురపాలక సంఘం తరఫున వీధికుక్కలకు టీకాలు వేయడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కుక్కను మచ్చిక చేసుకోవడం, మెడ పట్టుకోవడం, సూది వేయడం, వేసినట్టు గుర్తుగా వీపు మీద ఆకుపచ్చ రంగు చుక్క పెట్టి వదిలేయడం. వల ఆఫీసు వ్యానులోనే ఉంటుంది గానీ ఆయన దాన్ని బయటికి తీయడు. వలకు దొరికిన కుక్క మళ్ళీ ఏడాదికి వీధి వీధికీ చెప్పిపెడుతుందని ఆయన నమ్మకం. ఆయన చేతిలో ఉండేది బిస్కెట్టు. వీధుల్లో ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

ఆ ముసలి కుక్కకు దొరగారని పేరు పెట్టింది ఆఫీసు వ్యాను డ్రైవరు. పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా దొరకలేదు. "దొరకదు కాబట్టి దొర" అన్నాడు డ్రైవరు. ఆఫీసు రిజిస్టర్లో కూడా అదే ఎక్కింది.

నాలుగు కాళ్ళూ ఒక అడుగు ముందుకు వేశాయి. ఆయన ఊపిరి బిగబట్టి, వానకోటు జేబు జిప్పు మీద రెండు వేళ్ళు వేసి, చీమ నడిచినంత మెల్లగా లాగాడు.

జర్ర్.

కాళ్ళు మాయమయ్యాయి.

ఆయన కంగారుగా వెనక్కి పాకాడు. తల వ్యాను అడుగుకు ఠంగున కొట్టుకుంది. జేబు ఏదో ఇనుపకొక్కేనికి తగులుకుని కింది దాకా చిరిగింది. బిస్కెట్లన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఆ చప్పుడుకు ఎక్కడి నుంచో మూడు కుక్కలు వచ్చాయి. మూడింటికీ వీపు మీద ఆకుపచ్చ చుక్కలున్నాయి. తీరిగ్గా తినిపెట్టి, ఆయన చెయ్యి నాకి, వెళ్ళిపోయాయి.

"ఎటు పోయింది?" అన్నాడు ఆయన నెత్తి రుద్దుకుంటూ.

"పంచరు షాపు వైపు. సందు మలుపులో ఒకసారి ఆగి మీకేసి చూసిందన్నా" అన్నాడు డ్రైవరు, నవ్వు ఆపుకోలేక.

"వెక్కిరిస్తోంది."

"మీ జిప్పు దానికి అలారం అన్నా. మీరు తీయగానే అది లేచి పోతుంది."

ఆ మాట నిజమే. బిస్కెట్టాయనకు ఈ విషయం కొత్త కాదు. ప్రెస్ బటన్ టక్కుమన్నా, వెల్క్రో పట్టీ చర్రుమన్నా, పాలిథిన్ సంచి గరగరమన్నా దొరగారు ఉండరు. చొక్కా జేబులో పెడితే పడుకోగానే బిస్కెట్లు నలిగి పిండైపోతాయి. ప్యాంటు జేబులో పెడితే వంగినప్పుడు చెయ్యి దూరదు. కొన్నాళ్ళు టోపీలో పెట్టాడు. ఒక కుక్క టోపీ ఎత్తుకుపోయింది.

అయితే ఈ రోజు మామూలు రోజు కాదు. మధ్యాహ్నం సెలవు పెట్టాడు. పోయిన నెల వంగి సూది వేస్తుంటే కోటు పైకి లేచిపోయి, వెనక నుంచి ఇంకో కుక్క కరిచింది. "ఎక్కడ కరిచింది?" అని డాక్టరు అడిగితే "బేకరీ ముందు" అన్నాడు. డాక్టరు కళ్ళజోడు తీసి, మళ్ళీ అడిగాడు. డాక్టరు కాగితం ఆఫీసులో నలుగురి చేతులు మారి, నలుగురూ చదివి నవ్వుకున్నాక, స్టోరు గుమాస్తా ఒక చీటీ రాసిచ్చాడు. "తోలు కోటు, ఒకటి, కరవకుండా."

"నచ్చింది చూసి తెచ్చుకోండి. మార్చేది లేదు. మళ్ళీ ఏడేళ్ళకే" అన్నాడు గుమాస్తా.

ఆయనకు మిగిలింది నాలుగేళ్ళ సర్వీసు. అంటే ఇదే మొదటి కోటు, ఇదే ఆఖరి కోటు.

*

షాపుకు భార్య కూడా వచ్చింది. రమ్మని ఆయన అడగలేదు, వద్దనే ధైర్యమూ చేయలేదు. పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ తన చెల్లెలితో మా ఆయన ఆరోగ్యశాఖ అని చెప్పేసింది. చెల్లెలి మొగుడు బ్యాంకులో మేనేజరు. "అబద్ధమేముంది? కుక్కల ఆరోగ్యం ఆరోగ్యం కాదా?" అని ఆయన్నే ఎదురడిగింది. అప్పట్నుంచి ఆ తోడల్లుడి ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆయన ప్యాంటు మీద వెంట్రుకలు దులుపుకుని, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, ఆరోగ్యశాఖ మొహం పెట్టుకుని కూర్చునేవాడు. అక్కడున్న తెల్లటి బొచ్చుకుక్క మాత్రం ఆయన ఒళ్ళోంచి దిగేది కాదు.

షాపంతా కొత్త తోలు వాసన. మెడలో కొలత టేపు వేసుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి.

"ఏ రంగులో చూపించమంటారు సార్?"

"రంగు సంగతి తరవాత. జేబులు చూపించండి."

సేల్స్‌మన్ అలాంటి మాట ఎన్నడూ విననట్టు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే ఒక నల్ల కోటు హ్యాంగరు నుంచి తీసి పట్టుకుంది. మెరుస్తోంది. కాలరు నిటారుగా నిలబడి ఉంది.

"ఇది వేసుకోండి" అంది.

వేసుకున్నాడు. అద్దంలో ఎవరో పెద్ద ఆఫీసరు కనబడ్డాడు. పొట్ట కూడా హోదాలా ఉంది. ఆవిడ దగ్గరికొచ్చి కాలరు సర్ది, భుజం మీద లేని దుమ్ము దులిపి, వెనక్కి జరిగి చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ అలా చూసిన సందర్భాలు ఆయనకు వేళ్ళ మీద లెక్కకొస్తాయి.

"మీకోసమే కుట్టినట్టుంది సార్" అన్నాడు సేల్స్‌మన్.

ఆయన గొంతుక్కూర్చున్నాడు. కోటు అంచు నడుము వదిలి వీపు మధ్యకు ఎక్కింది. చేతులు ముందుకు చాపాడు. చంకల్లో పట్టేసింది. తరవాత, ఎవరూ వద్దనే లోపే, అద్దం ముందు నేల మీద బోర్లా పడుకున్నాడు.

"ఏవండీ!" అంది ఆవిడ పళ్ళ బిగువున. పక్కన చేతిసంచులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు అవతలి వరసలోకి వెళ్ళిపోయారు.

"సార్, ఒంట్లో బావుండలేదా?"

"బావుంది. ఇలా పడుకునే నా పని" అన్నాడు ఆయన నేల మీంచే. జేబు జిప్పు లాగాడు. జర్ర్. "విన్నారా?"

"కొత్త జిప్పు సార్. చాలా గట్టిది."

"దొరగారు వెళ్ళిపోయారు" అన్నాడు ఆయన దిగులుగా, లేచి కూర్చుంటూ.

ఏ దొరగారో చెప్పక తప్పలేదు. భార్య మొహం పక్కకు తిప్పుకుని బెల్టులు చూడసాగింది. ఆయన పని ఏమిటో, కుక్క ఏం వింటే పారిపోతుందో, జేబు ఎంత లోతుండాలో ఆయన వివరించాడు. మణికట్టు దాకా ఉండాలి. తక్కువైతే పడుకున్నప్పుడు బిస్కెట్లు జారిపోతాయి. ఎక్కువైతే చెయ్యి ఇరుక్కుని రాదు. కళ్ళజోడుకు లోపల వైపు ఒకటి కావాలి, లేకపోతే సూది గుచ్చే చోటు కనబడదు. అస్తరు గట్టి గుడ్డ అయ్యుండాలి, నున్నటిదైతే పొడి మూలల్లో చేరి వాసనొస్తుంది.

సేల్స్‌మన్ నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్ను అందరూ ఏ రంగులున్నాయి, కాస్త లావు తగ్గినట్టు కనబడే కోటుందా అనే అడిగారు. జేబుతో పని ఉన్న మనిషి ఇప్పటికి వచ్చాడు. టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టాడు. ఒకటొకటిగా తొమ్మిది కోట్లు తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఒక్కో జేబు తెరవడం, చెవి దగ్గర పెట్టుకోవడం, తల అడ్డంగా ఊపడం.

"చెయ్యి పట్టుకుని లాగండి ఒకసారి. కుక్క లాగినట్టు" అన్నాడు బిస్కెట్టాయన.

సేల్స్‌మన్ మొహమాటంగా రెండు వేళ్ళతో లాగాడు.

"అలాంటి కుక్క నేనెక్కడా చూళ్ళేదండీ."

దాంతో సేల్స్‌మన్‌కు పౌరుషం వచ్చింది. రెండు చేతులా పట్టుకుని, తల విదిలిస్తూ, కాళ్ళు నేలకు తన్నిపట్టి లాగాడు. చిన్నగా గుర్రుమన్నాడు కూడా. తరవాత తనే ఉలిక్కిపడి, యజమాని గది వైపు చూసి, జుట్టు సర్దుకున్నాడు.

"ఒకటుంది సార్" అన్నాడు గొంతు తగ్గించి. "వెనక గదిలో. పాత సరుకు. నాలుగేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. మీకు చూపించడానికే సిగ్గుగా ఉంది."

దాని రంగు బురదలో తడిసి ఎండిన అట్టపెట్టెలా ఉంది. అంచు తొడల దాకా వచ్చింది. భుజాలు వదులు. జేబులకు జిప్పుల్లేవు, మెత్తటి తోలు మూతలు, వాటికి చెక్క బొత్తాలు. ఆయన వేసుకుని గొంతుక్కూర్చున్నాడు, చేతులు చాపాడు, పడుకున్నాడు. నడుము మీద కోటు కదల్లేదు. బొత్తం తీసి జేబులో చెయ్యి పెట్టాడు. సరిగ్గా మణికట్టు దాకా వెళ్ళింది. ఎక్కడా చప్పుడు లేదు.

ఆయన నేల మీంచి తలెత్తి భార్య వైపు చూశాడు. ఆవిడ చేతిలో ఆ నల్ల కోటు ఇంకా అలాగే ఉంది.

"నల్లదే తీసుకుందాంలే" అన్నాడు ఆయన. "నువ్వు చెప్పింది బావుంది. జిప్పుకి కొవ్వొత్తి రుద్దితే సరిపోతుందేమో."

ఆవిడ నల్ల కోటు మెల్లగా హ్యాంగరుకు తగిలించింది. ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుంది.

"తీయండి" అంది.

ఆయన బొత్తం తీసి చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"తీయమంటే తీయరేం?"

"మూడుసార్లు తీశాను."

ఆవిడ కళ్ళు తెరిచింది. "అయితే ఈ అట్టపెట్టే తీసుకోండి" అంది. "మా మరిది అడిగితే ఆరోగ్యశాఖ వాళ్ళు ఇచ్చారని చెబుతా. అబద్ధమేముంది?"

సేల్స్‌మన్ చీటీ తీసుకుని కోటు మడవబోతే ఆయన ఒప్పుకోలేదు. వేసుకునే బయటికొచ్చాడు. పక్క కొట్లో బిస్కెట్లు కొని ఆ జేబు నింపాడు.

*

ఇంటికి వెళ్ళే బస్సు ఎదుటే ఆగింది. ఆయన ఎక్కలేదు.

"ఒక్క పది నిమిషాలు" అన్నాడు. "టీకా రేపు వేస్తాను. ఇవాళ జేబు ఒక్కటి చూసుకుంటాను."

"ఎవరైనా చూస్తే?"

"చూడనీ. కోటు బావుందిగా."

ఆవిడ నిట్టూర్చి వెంట నడిచింది. ఆయన పని చేస్తుండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. సాయంకాలపు ఎండ సందు చివర గోడ మీద ఇంకా కాస్త మిగిలి ఉంది. పంచరు షాపు పక్కన నేల మీద పడేసిన పాత లారీ టైరులో, చుట్టచుట్టుకుని, గడ్డం టైరు అంచు మీద పెట్టుకుని, దొరగారు ఉన్నారు.

ఆయన భార్యను చేత్తోనే ఆపి, వంగి, తరవాత మోకాళ్ళ మీద, చివరికి బోర్లా పాకుతూ వెళ్ళాడు. నాలుగు మూరలు. మూడు. ఇంత దగ్గరగా ఆయన ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. ఒక చెవి కొసన చిన్న చీలిక ఉందని ఇప్పుడే తెలిసింది. జేబు బొత్తం తీశాడు. బిస్కెట్టు తీశాడు. కుక్క కదల్లేదు.

ఆయన వెనక్కి తిరిగి భార్య వైపు చూసి, మొహమంతా నవ్వుతో, చూశావా అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆవిడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బిస్కెట్టు ముక్కు దగ్గర పెట్టాడు. కుక్క వాసన చూసింది. మర్యాద కోసం అన్నట్టు ఒకసారి నాకి, మళ్ళీ గడ్డం టైరు మీద ఆనించింది. ఆయన చెయ్యి మెడ మీద వేశాడు. పదకొండేళ్ళ తరవాత. చేతికి ఎముకలు తగిలాయి. ఊపిరి తెగి తెగి వస్తోంది. నవ్వు ఆయన మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియక.

"నాలుగు రోజులుగా తిండి లేదు సార్" అన్నాడు పంచరు షాపాయన, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి. "ఈ టైరులోంచి లేవనేలేదు. ఇవాళ పొద్దున ఎందుకో తనే లేచి పాల వ్యాను దాకా నడిచింది. మళ్ళీ ఒకటే పరుగున వచ్చి ఇందులో పడింది. అంతే, ఇక లేవలేదు."

బిస్కెట్టాయన లేచి కూర్చున్నాడు గానీ చెయ్యి తీయలేదు. భార్య వచ్చి, బయటికి వేసుకొచ్చిన మంచి బట్టలతోనే, ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"దీని పేరేమిటి?" అంది.

"మేం దొరగారంటాం. అసలు పేరు తెలీదు. అడుగుదామంటే ఎప్పుడూ ఆగలేదు." పంచరు షాపాయన వైపు చూశాడు. "మీరేమని పిలుస్తారు?"

"ఏమీ పిలవం సార్. పిలవకుండానే వస్తుంది."

ఆవిడ చెయ్యి చాపి, కొంచెం భయపడుతూనే, చీలిన చెవి మీద వేలితో రాసింది. చెవి ఒకసారి అదిరింది. గోడ మీది ఎండ పోయేలోపు ఊపిరి రెండుసార్లు పెద్దగా వచ్చింది, తరవాత రాలేదు. అది ఆగిందని ముగ్గురికీ ఒకేసారి తెలియలేదు. ముందు ఆయన చేతికి తెలిసింది.

షాపు వెనక ఖాళీ జాగాలో మట్టి మెత్తగానే ఉంది. పంచరు షాపాయన పార ఇచ్చాడు. బిస్కెట్టాయన కోటు విప్పలేదు. చేతులు బాగానే ఆడుతున్నాయి, చంకల్లో ఎక్కడా పట్టలేదు. భుజాల దగ్గర మట్టి అంటింది. పూర్తయ్యాక భార్య ఆ మట్టి దులిపి, కాలరు సర్దింది.

"రేపు మా చెల్లెలికి ఫోన్ చేస్తాను" అంది బస్సు కోసం నడుస్తూ.

"ఏమని?"

"మా ఆయన కుక్కలు చూసుకుంటారని."

వాళ్ళు మలుపు తిరిగాక పంచరు షాపాయన షట్టరు దించడానికి వచ్చాడు. రాత్రిళ్ళు దారికి అడ్డం కాకుండా బయటి టైర్లన్నీ లోపలికి దొర్లించడం అతని అలవాటు. ఒక్కటొక్కటే లోపల పెట్టి, లారీ టైరు దగ్గరికి వచ్చి ఆగాడు. అందులో పరిచిన పాత సీటు కవరు మధ్యలో గుండ్రంగా నొక్కుకుపోయి ఉంది, అంచుల చుట్టూ తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.