ఏ సూదైనా సూదే

టీకాల పెట్టెలో మంచుపొట్లాలు సర్ది, వాటి నడుమ సీసాలు నిలబెట్టి, అలివేలమ్మ మూత బిగించింది. పెట్టె భుజాన తగిలించుకొని వడమాలపేట దాటి మట్టిదారి పట్టింది. మోకాళ్లు సలుపుతున్నాయి. ఆ చుట్టుపక్కల ఆమెను చూసి నవ్విన పిల్లలు లేరు. తల్లులు అన్నం తినని బిడ్డలను ఆమె పేరు చెప్పే బెదిరిస్తారు. ఆమెకది అలవాటే.

మేకలు మేపే మునిరామయ్య ఇంట్లో కోడలు కోమలి చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుంది. అలివేలమ్మ బిడ్డ నోట్లో పోలియో చుక్కలు వేస్తుండగా లోపల ఎవరో గొంతు పట్టేసినట్టు మూలిగారు.

"మా మామ, నర్సమ్మా. నిన్నట్నించీ నీళ్లు తాగల్యా. చెంబు సూస్తేనే వణుకుతాడు."

అలివేలమ్మ చెయ్యి ఆగిపోయింది. "కుక్క కరిసిందా?"

"పోయిన నెల. ఆయన్ని సెయ్యి మీద, నన్ను పిక్క మీద. ఆ దినమే ఇద్దరం టీటీ ఏయించుకున్నాం గదా?"

"అది ధనుర్వాతానికే! దాంట్లో రోగం తెచ్చే పురుగే ఉండదు, పనిచెయ్యకుండా విరిచేసిన ఆ పురుగు విషం ఉంటాది. ఈ చుక్కల్లో పోలియో పురుగు బతికే ఉంటాది, బలం తీసేసి ఉంటారు. కుక్కకాటు టీకాలో పిచ్చికుక్క రోగం పురుగును సంపి పెడతారు. దేన్ని చూపిస్తే ఒళ్లు దాన్నే గుర్తుపడతాది కోమలీ."

"ఏ సూదైనా సూదే అనుకుంటిమే... ఇప్పుడేస్తే మామకు?"

అలివేలమ్మ చుక్కల సీసా పెట్టెలో పెట్టి మూత బిగించింది. ఒళ్లు నేర్చుకోవడానికి రోజులు పడతాయి. రోగం తలకెక్కినవాడికి ఆ రోజులుండవు. ఫోను తీసి అంబులెన్సును పిలిచింది. బండి వచ్చి వాకిట ఆగగానే కోమలి వైపు తిరిగింది.

"నువ్వూ ఎక్కు. నీకింకా టైముండాది. టీకా పని మొదలుపెట్టేదాకా కాపు కాసే మందు వేరే ఉండాది, గాయం చుట్టూ ఏస్తారు."

"మేకల్ని ఎవురు సూస్తారు నర్సమ్మా? నాకేం కాలా, బాగానే ఉండాను."

"ఆయనా నిన్నటిదాకా బాగానే ఉన్నాడు. బిడ్డనెత్తుకో. ఎక్కు!"

ఎన్నడూ గొంతెత్తని మనిషి అరిచేసరికి కోమలి బెదిరి లేచింది. దారి పొడుగునా మునిరామయ్య నీళ్లకు లాగే గాలికీ వణుకుతూ, అది తగలకుండా తువ్వాలు ముఖానికి అదుముకొనే ఉన్నాడు.

తిరుపతి ఆస్పత్రిలో కోమలి పిక్క చుట్టూ సూదులు దిగుతుంటే అలివేలమ్మ బిడ్డను ఎత్తుకొని నిలబడింది. పక్కగదిలో పెనుగులాట వినిపిస్తూనే ఉంది. పొద్దువాలే వేళకు అది ఆగింది. డాక్టరు బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

కోమలి ఏడవలేదు. "నేను మళ్లీ రావల్లనా?" అని మాత్రం అడిగింది.

"రావల్ల. టీకాలన్నీ అయ్యేదాకా నేనే పిల్చుకపోతా."

అలివేలమ్మ ఊరికి తిరిగొచ్చేసరికి మునిరామయ్య దొడ్లో మేకలు అరుస్తున్నాయి. వాటికింత ఆకు వేద్దామని లోపలికెళ్లింది. గోడకు చేరేసిన, మునిరామయ్య మేకలకు కొమ్మలు లాగే దోటి కొనకు చిక్కుకున్న తుమ్మకొమ్మ ఇంకా పూర్తిగా వాడలేదు.