పెద్దక్క పేరు మీద

ఆ వార్డులో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. ఆమె సూది వేస్తే చంటిపిల్లలు కూడా ఏడుపు మర్చిపోతారని పేరు. అలాంటి మనిషిని ఓ పొద్దున పెద్ద డాక్టరు పిలిచారు.

"ఆరో మంచం ఆయనకి వేరే మంచం మందు పడింది పెద్దక్కా. ఆయనకేం కాలేదనుకోండి. కంప్యూటర్లో మాత్రం మీ పేరుంది."

ఆ మందు పడిన సమయానికి పెద్దక్క ఇంకో రోగిని ఆపరేషన్ గదికి తీసుకెళ్ళింది. ఈ మాట అనేలోపే చిన్న నర్సు ఏడుస్తూ వచ్చింది. "ఇచ్చింది నేనే సార్. అక్క లాగిన్ తెరిచే ఉంది, అందులోనే రాసేశాను."

పెద్దక్క ఆ పిల్లని ఒక్క మాటా అనలేదు. ఇంటికెళ్ళి కూతుర్ని నిలదీసింది. నర్సులు మందుల లెక్క రాసే ఆసుపత్రి వెబ్‌సైటు కట్టిన కంపెనీలో కూతురు జావా ప్రోగ్రామర్.

"లాగిన్ అవగానే సర్వర్ ఆ మనిషిని గుర్తు పెట్టుకుంటుందమ్మా. దాన్ని సెషన్ అంటాం. నువ్వు లేచి వెళ్ళినా దాని లెక్కలో కుర్చీలో ఉన్నది నువ్వే."

"మరి నేను వెళ్ళగానే మూసెయ్యొచ్చుగా?"

"మొదట్లో ఐదు నిమిషాలకే మూసేది. మీరే గోల పెట్టారు. మా మేనేజరు ఒక్క అంకె మార్చి డ్యూటీ మొత్తానికి పెంచేశారు."

"పెట్టమా మరి? సగం రాస్తుండగా రోగి పిలుస్తాడు. తిరిగొచ్చేసరికి రాసిందంతా బూడిదలో పోసిన పన్నీరు!"

కూతురు మర్నాడు సెలవు పెట్టి వార్డులో ఓ మూల స్టూలేసుకుని కూర్చుంది. నర్సులు ఎప్పుడు కూర్చుంటున్నారో, ఎందుకు లేస్తున్నారో కళ్ళప్పగించి చూసింది. "పాత అంకె పెట్టేస్తే సరి" అన్న మేనేజరుతో, "అలా చేస్తే మళ్ళీ అదే గోల సార్. నాకు రెండు వారాలివ్వండి" అని పట్టుబట్టింది.

కొత్త పద్ధతి వచ్చిన రోజు పెద్దక్క మెడలోని కార్డు తీసి కంప్యూటరుకి తాకించగానే ఆమె పేరు తెర మీదికొచ్చింది. సగం రాసేసరికి రోగి పిలిచాడు. ఆమె లేవగానే చిన్న నర్సు తన కార్డు తాకించింది. పెద్దక్క సెషన్ మూసుకుని, ఆ పిల్లది తెరుచుకుంది. పెద్దక్క తిరిగొచ్చి కార్డు పెడితే, ఆగిన వాక్యం ఆగిన చోటే ఉంది.

"సగం రాతని సెషన్లో కాకుండా ఎవరి పేరు మీద వాళ్ళకి విడిగా దాచానమ్మా. ఇప్పుడు సెషన్ ఎంత తొందరగా మూసినా నష్టం లేదు" అంది వెనక నిలబడ్డ కూతురు.

పెద్ద డాక్టరు తొంగిచూశారు. "బాగుందే! ఎవరు చేశారిది?"

కూతురు "మా టీమ్ సార్" అనబోయింది. పెద్దక్క ఊరుకుంటేగా! కూతురి భుజం పట్టి ముందుకు లాగింది.

"ఇదిగో, ఇదే చేసింది. నా కూతురు. చిన్నప్పుడు మందు మింగించాలంటే ఇల్లంతా పరిగెత్తించేది, ఇప్పుడు మా వార్డుకే మందు వేసింది!"

నర్సులంతా గొల్లున నవ్వారు. సిగ్గుతో కూతురి చెవులు ఎర్రబడ్డాయి. పెద్దక్క మాత్రం ఆ భుజం మీద చెయ్యి తియ్యకుండానే, పక్క వార్డు వాళ్ళని కూడా కేకేసి పిలిచింది.