తువ్వాల కింద రేటు

ఈ కందుల సీజన్ మొదలైనప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: నారాయణఖేడ్ మార్కెట్ యార్డులో రైతుల మాలు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణం, నాగల్‌గిద్ద రైతుల నమ్మకం, వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో నా మాటకు కొంత విలువ. చివరిదాన్ని మొదటి వారంలోనే ఖర్చు పెట్టేశాను.

ముక్తార్ మా యార్డులో పెద్ద ఖరీదుదారు. గింజ కొరికి తేమ చెబుతాడు. చెప్పి, తూకంలో తరుగు ఎక్కువ తీస్తాడు. ఆ మాటే గ్రూపులో రాశాను: 'ముక్తార్ భాయ్ తేమ పేరు చెప్పి తరుగు మస్తు తీస్తుండు. కాంటా కాడనే అడగాలె.' దాని కింద దశరథ్ రాశాడు. ఆయనా ఖరీదుదారే. 'వాళ్ళ జాతే అంత. ఒక్కనికి గూడ మాలు అమ్మొద్దు. యార్డుల కనబడితే కాళ్ళు ఇరగ్గొట్టాలె.'

ముక్తార్ ఠాణాకు వెళ్ళాడు. మతాల మధ్య పగ పెంచాడని దశరథ్ మీద కేసు పెట్టారు. నన్నూ పిలిచారు.

"నీ మాటల తప్పు లేకపోవచ్చు సేట్," అన్నాడు ఎస్సై. "కానీ దాని కిందనే గాయన రాసిండు. ఇగ మీద చూసి రాయి."

బయట దశరథ్ నా బండి దగ్గర నిలబడి ఉన్నాడు. "చూసినవా బస్వరాజ్ సేట్? నోరు తెరిచే హక్కు గూడ లేదు మనకు."

"నేను తరుగు గురించి రాసిన. కాళ్ళు ఇరగ్గొడ్తనన్నది నువ్వు."

"రెండూ ఒకటే గద!"

"ఒకటే అయితే నా మీద గూడ కేస్ పెడ్తురు."

అలా అన్నానే గానీ దారంతా ఒకటే అనుమానం. తరుగు గురించి నా నోరు మూయించడానికే ముక్తార్ రెండు మాటలనూ కలిపి ఠాణాలో చూపించాడేమో.

ఆ తర్వాత యార్డులో ముక్తార్‌ను చూస్తే అందరి నోళ్ళూ తీపెక్కాయి. "రా భాయ్, చాయ్ తాగు" అనేవాళ్ళు. కానీ మా దగ్గర రేటు నోటితో చెప్పరు. అడ్తిదారు, ఖరీదుదారు తువ్వాల కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. ముక్తార్ తువ్వాల చాపితే ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒక్క చెడ్డ మాట లేదు. ఏమని ఫిర్యాదు ఇస్తాడు? నేనూ చూస్తూ కూర్చున్నాను. నాకెందుకొచ్చిన గొడవ!

నాగల్‌గిద్ద సంగప్ప కందులు తెచ్చి నా దుకాణం ముందు పోశాడు. దశరథ్ వచ్చి తువ్వాల కింద నా వేళ్ళు నొక్కాడు. రేటు బాగా దిగింది. ఎదుట పోటీకి మనిషి లేడు మరి. కాళ్ళు ఇరగ్గొట్టాలన్న ఆవేశం ఎవరికి గిట్టుబాటో అప్పుడు అర్థమైంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ముక్తార్ భాయ్, ఇటు రా!" అని కేకేశాను. ఇద్దరు ముగ్గురు వీడియో తీయడానికి ఫోన్లు పైకెత్తారు. "నువ్వు తరుగు ఎక్కువ తీస్తవ్. మొన్న రాసిన, ఇయ్యాల మొకం మీదనే అంటున్న. కేస్ పెడ్తవా?"

"గా మాటకు కేస్ ఎందుకు పెడ్త? రోజూ ఇనేదే గద. కాళ్ళు ఇరగ్గొడ్తమంటేనే పోయిన. మా బిడ్డ యుస్రా భయానికి బడికి పోతలేదు సేట్."

"మరి నా మాట గూడ ఎందుకు చూపిచ్చినవ్?"

"ఫోన్ తెరిస్తే పైన నీది, కింద గాయనది. నీది చేత్తోని మూసి చూపియ్యాల్నా?"

అది నిజమో తెలివో నాకు ఇప్పటికీ తెలియదు.

"మీ లొల్లి తర్వాత పెట్టుకోర్రి," అన్నాడు సంగప్ప. "చెయ్యి పెట్టు సేట్. నా కందులు ఎండల పడ్డయి."

అందరూ చూస్తుండగా ముక్తార్ తువ్వాల కింద చెయ్యి పెట్టాను. దశరథ్ కన్నా ఎక్కువ రేటే నొక్కాడు. నొక్కి, ఒక గింజ కొరికి, తేమ ఉందన్నాడు! తరుగు తగ్గేదాకా యార్డంతా వినేలా అరిచాను. ఆయనా అరిచాడు. సంగప్ప సంతోషంగా ఇద్దరినీ ఎగదోశాడు.

పోయినవి: దశరథ్‌తో మాట, గ్రూపులో సగం మంది. కేసు నడుస్తోంది. ముక్తార్‌కు నా మీద నమ్మకం కుదరలేదు, రేటు రెండుసార్లు నొక్కించుకుంటాడు. దక్కినవి: రైతు కందులకు పోటీపడే ఇద్దరు ఖరీదుదారులు, ముక్తార్‌ను నడి యార్డులో నిలబెట్టి తరుగు అడిగే నోరు.