లక్కకు విడిచిన చోటు

క్లబ్బు క్యాషియరు విరూపాక్షయ్య నాలుగు వందల బిళ్ళలూ వెనక్కి తెచ్చాడు. బుట్టను రిక్షాలో పెట్టుకుని తనే వచ్చాడు. తప్పు చెప్పడానికి వేరే మనిషిని పంపే రకం కాదాయన.

సుందరం లేతు ఆపలేదు. బళ్ళారి కౌల్ బజారులో ఆ లేతు ముందు ముప్పై ఏళ్ళుగా కూర్చుంటున్నాడు. ఊయల కోళ్ళు, చపాతీ కర్రలు, బొంగరాలు, ఏది చేసినా ఈ ఎనభై ఆరు వేసవి దాకా ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ మాట వీధికంతా తనే చెప్పుకునేవాడు.

"నీ బిళ్ళలు పెట్టెలో కూచోల్యా, సుందరప్పా" అన్నాడు విరూపాక్షయ్య.

సుందరం చేతిలో ఉలి ఆగింది.

పత్తి వ్యాపారుల క్లబ్బులో రమ్మీ ఆడేవాళ్ళు బల్ల మీద డబ్బు పెట్టరు, బిళ్ళలు పెడతారు. ఆట ముగిశాక వాటిని ఎవరూ లెక్కపెట్టరు. క్యాషియరు దగ్గర ఒక టేకు పెట్టె ఉంటుంది, దాని నిండా గుండ్రటి గుంతలు. గుంతకు ఇరవై బిళ్ళలు. నింపి, పైన అరచేయి అడ్డంగా జరుపుతాడు. చేతికి ఏమీ తగలకపోతే ఇరవై ఉన్నట్టే. అందుకే బిళ్ళ మందం సరిగ్గా ఒక నూలు ఉండాలి, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఒక్కోటి వెంట్రుకంత పెరిగినా, ఇరవై పేర్చేసరికి ఆ వెంట్రుకలన్నీ కలిసి ఒక బిళ్ళంత అవుతాయి. పంతొమ్మిదికే గుంత నిండి ఎవరో ఒకరు మోసపోతారు.

"పదేండ్ల కింద నువ్వే చేస్తివి. అవి ఈ పొద్దుకూ సరిగ్గా కూచుంటాయి. రంగు పోయినాయని కదప్పా కొత్తవి చేయమంటిమి" అన్నాడు విరూపాక్షయ్య. "ఆదివారం క్లబ్బుకు ఇరవై ఐదేండ్ల పండగ. హొసపేట నుంచి, గుంతకల్లు నుంచి ఆటగాళ్ళు వస్తాండారు. శనివారం లోపల సరిచేస్తావా, అంగట్లో ప్లాస్టిక్కువి తెచ్చుకోమంటావా?"

"ప్లాస్టిక్కా?"

"నాకేమన్నా ఇష్టమా? అవి గుంతలో సుమ్నే, ఏ తిప్పలూ లేకుండా కూచుంటాయి. నీవి కూచోవు."

"నా కొలత తప్పదు."

"తప్పిందప్పా" అన్నాడు విరూపాక్షయ్య మెత్తగా.

తిట్టి ఉంటే సుందరం తిరిగి తిట్టేవాడు. ఆ మెత్తదనానికి లేచి బుట్ట దించుకున్నాడు. రిక్షా పోయింది. అప్పటికి బుధవారం మధ్యాహ్నం.

ఇత్తడి కొలబద్ద తీసి ఎర్ర బిళ్ళ ఒకటి పట్టి చూశాడు. ఎక్కువే ఉంది. రంగు వేయకుండా మిగిలిన బిళ్ళను పట్టి చూశాడు. సరిగ్గా నూలు. ఇక తప్పు ఎవరిదో వెతకాల్సిన పని లేదనుకున్నాడు. గోడవారగా కూర్చుని రంగు లక్క పూసే హులిగెమ్మ వైపు తిరిగాడు.

కర్రకు లక్క పూయడం అతని భార్య సరోజమ్మ పని. లేతు మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనించి, మొగలి ఆకుతో ఒత్తి మెరుపు తెచ్చేది. ఆమె పోయి రెండేళ్ళయింది. తరువాత ఆ పనికి వచ్చిన ముగ్గురినీ సుందరం తరిమేశాడు. అతను మరిచిపోయే మనిషి కాదు. సమాధి దగ్గర ప్రార్థనలో సరోజమ్మ పుట్టిన ఊరి పేరు గుర్తురాక పాస్టరు తడబడ్డాడని, ఆయనతో ఈనాటికీ మాట్లాడడు. పక్కింటి హులిగెమ్మ మాత్రం తిట్లు తింటూనే నిలబడింది. ఎనిమిదేళ్ళు సరోజమ్మ పక్కన కూర్చుని ఆ పని నేర్చిన మనిషి.

"నీ పూతే" అన్నాడు. "జొన్నరొట్టెకు వెన్న పూసినట్ల పూసినావు."

"సరోజక్క ఎంత పూసేదో అంతే పూసినా."

"ఆమె పేరెత్తొద్దు. ఆమె పూసినప్పుడు కొలత తప్పిందా ఎన్నడన్నా?"

"తప్పకుండా అక్క చూసుకునేది."

"ఏంది చూసుకునేది?"

హులిగెమ్మ లక్క కడ్డీ కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుండె. ఆయమ్మే పాయ, ఇంక ఒట్టు ఎవరికప్పా? నువ్వు అన్నం తిని కునుకు తీస్తాంటివి కదా, అప్పుడు అక్క నీ బిళ్ళ ఒక్కొక్కటీ లేతుకు పట్టించి రెండు పక్కలా ఉప్పు కాగితంతో రుద్దేది. లక్క ఎంత మందం వస్తాదో అంత కర్ర తీసేసేది. ఆమీన పూసేది."

"నా కొలతను దిద్దేదా?"

"దిద్దేది గాదు. లక్కకు చోటు చేసేది. నువ్వు చోటు విడిచేవాడివి గాదు కదా."

సుందరం కొలబద్ద వైపు చూశాడు. సాయంత్రాలు పూత ఆరిన బిళ్ళను దీనితోనే కొలిచి, "చూసినావా నా ఉలి!" అనేవాడు. "చూసినా" అనేది సరోజమ్మ. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ అనేది కాదు. అన్నేళ్ళూ అతను కొలిచింది ఆమె చేతిపనినే.

కోపం వస్తుందని కాసేపు చూశాడు. రాలేదు.

"యాడుండాది ఆ ఉప్పు కాగితం?"

"అయిపాయ. కొత్తది తేవాల" అంది హులిగెమ్మ. "తిడతావని అడగలేదు."

సుందరం తనే అంగడికి పోయి తెచ్చాడు.

నాలుగు వందల బిళ్ళలకూ పాత లక్క గీకాలి, కర్ర రుద్దాలి, మళ్ళీ పూయాలి. మూడు రోజులు. హులిగెమ్మ ఒక్కదాని చేతులు చాలవు. గురువారం పొద్దున ఆమె కూర్చునే చోట సుందరం కూర్చున్నాడు. హులిగెమ్మ పక్కన నిలబడి నడుం మీద చేయి పెట్టుకుంది.

"అట్ల గాదప్పా. కర్రతో కొట్లాడతాండావు నువ్వు. స్వల్ప నిదానం."

"ముప్పై ఏండ్ల నుంచి చేస్తాండా."

"నువ్వు చేస్తాండేది ఉలి పని. ఇది ఆకు పని. వేలికి వేడి తెలియల్ల. తెలిసిందా?"

"కాలింది."

"అక్కకూ కాలేది. నీ మాదిరి అరిచేది గాదు."

అతను వేలు నోట్లో పెట్టుకున్నాడు. సరోజమ్మ వేళ్ళ కొనలు గీతలన్నీ అరిగి నున్నగా ఉండేవి. మంచినీళ్ళ గ్లాసు చేతిలోంచి జారితే, దేనికీ పట్టు లేని చేతులని తిట్టాడొకసారి. ఆమె వంగి నీళ్ళు తుడిచింది. ఆ వేళ్ళు ఎందుకు నున్నబడ్డాయో అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగనక్కర్లేదు.

శుక్రవారం రాత్రికి హులిగెమ్మ తిట్లు తగ్గాయి. అతని పని బాగుపడి కాదు, ఆమె గొంతు పోయి. శనివారం మధ్యాహ్నానికి బుట్ట నిండింది.

క్లబ్బులో విరూపాక్షయ్య టేకు పెట్టె తెరిచాడు. ఒక్కో గుంత నింపి అరచేయి జరిపాడు. తగల్లేదు. రెండోది. తగల్లేదు. సుందరం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పంతొమ్మిది గుంతలు సాఫీగా పోయాయి. ఇరవయ్యో గుంత మీద చేయి ఆగింది.

విరూపాక్షయ్య ఆ గుంత ఖాళీ చేసి, బిళ్ళలు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఆరు తీసి పక్కన పెట్టాడు. "ఇవి లావు. తక్కినవి బంగారప్పా. పోయిన తూరి కన్నా బాగుండాయి. చెయ్యంటే నీదే."

ఆ మాట ఇన్నేళ్ళూ సుందరం ఊరికే పుచ్చుకున్నాడు.

"నాది గాదయ్యా" అన్నాడు. "కర్ర నేను కోసినా. పూసింది మా పక్కింటి హులిగెమ్మ. ఈ కొలత మా సరోజమ్మ కనిపెట్టింది. నాకు బుధవారం దాకా తెలీదు."

విరూపాక్షయ్య కళ్ళజోడు తీసి అతన్ని చూశాడు. "మరి ఈ ఆరూ?"

"అవి పూర్తిగా నావే."

విరూపాక్షయ్య పెద్దగా నవ్వాడు. "ఉండనీ పో. ఆరు బిళ్ళలకు పండగేమీ ఆగదు."

"వద్దు. వాటితో ఎవురన్నా మోసపోతారు. సాయంత్రానికి సరిచేసి తెస్తా."

"నీతో అవుతాదా?"

"కాదు. హులిగెమ్మతో అవుతాది. నేను పక్కన కూచుని చూస్తా."

ఆరు బిళ్ళలూ జేబులో వేసుకుని ఎండలోకి వచ్చాడు. సరోజమ్మకు చెప్పాల్సిన మాట ఒకటి పెదవుల దాకా వచ్చింది. చెయ్యంటే నీదే అని ఆమెతో ఎన్నడూ అనలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ముందు హులిగెమ్మకు చెప్పి చూద్దామనుకున్నాడు. ఆమె నవ్వుతుంది. నవ్వనీ అనుకుని నడక పెంచాడు.