బోర్లించిన కంచాలు

దుమ్ము తుఫాన్ల కరువు రోజుల్లో ఊరూరా పాడుకుంటూ తిరిగి, ఎప్పుడో చనిపోయిన ఓర్వల్ టాకెట్ మీద సినిమా తీస్తున్నారు. పాటకు బదులుగా అతనికి అన్నం పెట్టిన ఓక్లహోమా ఇంట్లోనే షూటింగ్. భోజనం సీనుకు సెట్ సామాన్లు చూసే వెల్మా సర్దిన కంచాలు మళ్లీ బోర్లించి ఉన్నాయి.

"డ్వేన్, నాతో పరాచికాలా?" అని హీరో మీద విరుచుకుపడింది.

"నేను గడపే తొక్కలేదు తల్లీ! తాళం నీ దగ్గరేగా? దుమ్ము పడకుండా మా నాయనమ్మ కూడా వడ్డించేదాకా ఇలాగే బోర్లించేది."

"షూటింగ్‌కి దుమ్ము లేపే ఫ్యాన్లు ఇంకా వెయ్యందే దుమ్మెక్కడిది!"

గొణుక్కుంటూ ఒక్కొక్కటే తిప్పింది. ఓర్వల్ పాత్ర కూర్చునే చోట కంచం మాత్రం బోర్లించి లేదు. అందులో చిక్కుడు గింజల పులుసు మరక. వేలు పెట్టింది. వెచ్చగా ఉంది.

సీను కోసం పెట్టిన పొయ్యి ఉత్తుత్తిది. అందులో ఇంతవరకూ నిప్పే వెయ్యలేదు.